బిళ్ళ కట్టిన చోట

చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగి చీము పట్టిందంటే, రెండో రోజుకల్లా గజ్జలో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలేది. ఇంట్లో పెద్దవాళ్ళు తడిమి చూసి ‘బిళ్ళ కట్టింది’ అనేవాళ్ళు. ఆ మాటలో బెదురు ఉండేది కాదు. పుండు మానితే బిళ్ళ దానంతటదే కరిగిపోతుందని వాళ్ళకు అనుభవం. పుండు పాదంలో ఉంటే వాపు గజ్జలో ఎందుకు వచ్చిందని అడిగితే ఎవరూ శాస్త్రం చెప్పలేకపోయేవారు కానీ, ఆ రెండు చోట్ల మధ్య ఏదో దారి ఉందన్నది మాత్రం అందరికీ తెలిసిన సంగతే.

అదే బిళ్ళ రొమ్ములో గడ్డ ఉన్న మనిషి చంకలో తగిలితే, నోట్లో మానని పుండు ఉన్న మనిషి దవడ కింద తగిలితే, అప్పుడు మాట మారిపోతుంది. ఇక అది కరిగిపోయే బిళ్ళ కాదు, జబ్బు పాకిందని చెప్పే గుర్తు. డాక్టర్లు లింఫ్ నోడ్ అనీ, పాఠ్యపుస్తకాలు శోషరస గ్రంథి అనీ పిలిచే ఈ చిన్న గింజలు మన ఒంట్లో దాదాపు 600 ఉంటాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పేగుల చుట్టూ గుంపులు గుంపులుగా ఉంటాయి. క్యాన్సర్ వైద్యం మొదలైన నాటి నుంచీ సర్జన్ల చూపు వాటి మీదే ఉంది. గ్రంథిలో క్యాన్సర్ ఉందా, లేదా? ఎన్నింటిలో ఉంది? ఈ ప్రశ్నలకు జవాబును బట్టే రోగి భవిష్యత్తు చెప్పేవారు. అయితే క్యాన్సర్ పక్కనే కూర్చున్న ఆ గ్రంథి స్వయంగా ఏం చేస్తోంది? ఈ ప్రశ్న అడగడానికి వైద్యానికి చాలా కాలం పట్టింది. అడిగాక వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఆ పొసగకపోవడమే.

మొదట దారి కనపడాలి కదా. 1622 జులై 23న ఇటలీలోని మిలాన్‌లో గాస్పరే అసెల్లి అనే శరీరశాస్త్ర ఆచార్యుడు మిత్రులకు చూపించడం కోసం బతికున్న కుక్క కడుపు కోశాడు. చూపించాలనుకున్నది నరాలు, ఉదరవితానం కదలిక. కనిపించింది మాత్రం పేగుల మీద అల్లుకున్న తెల్లటి సన్నటి దారాలు. నరాలేమో అనుకుని ఒకదాన్ని గుచ్చితే పాల లాంటి ద్రవం బయటికి చిమ్మింది. కుక్కకు అంతకుముందే కడుపునిండా మేత పెట్టారు. మర్నాడు ఇంకో కుక్కను మేత పెట్టకుండా కోస్తే ఆ దారాలు లేవు. తిన్న తిండిలోని కొవ్వును మోసుకుపోయే నాళాలవి అని అసెల్లికి అర్థమైంది. ఆయన పోయాక 1627లో అచ్చయిన పుస్తకంలో ఆ నాళాలను రంగుల బొమ్మల్లో చూపించారు. శరీరశాస్త్రంలో రంగు అచ్చుబొమ్మలు అప్పటికి కొత్త.

మరో ముప్పై ఏళ్ళకు కోపెన్‌హాగెన్‌లో థామస్ బార్తొలిన్, స్వీడన్‌లో ఓలోఫ్ రుడ్‌బెక్ ఇలాంటి నాళాలు ఒళ్ళంతా ఉన్నాయనీ, వాటిలో పారేది పాలు కాదు, నీళ్ళ లాంటి రసమనీ గుర్తించారు. ఎవరు ముందు కనిపెట్టారన్న దాని మీద ఇద్దరూ పెద్ద తగవే పెట్టుకున్నారు. ఆ తగవుతో మనకు పని లేదు. రక్తనాళాల నుంచి ఊరి కణజాలాల్లోకి చేరిన నీరు ఈ నాళాల్లో పడి, దారిలో ఒక గ్రంథి, ఆపైన ఇంకో గ్రంథి దాటుకుంటూ, చివరికి మెడ దగ్గర మళ్ళీ రక్తంలో కలుస్తుంది. ఈ కాలువలకు అడ్డం పడితే ఏమవుతుందో కోస్తా జిల్లాల వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. బోదకాలు అంటే అదే.

1757లో పారిస్ సర్జన్ అన్రీ ల్ద్రాన్ ఈ దారికీ క్యాన్సర్‌కూ ముడి వేశాడు. క్యాన్సర్ ఒంట్లోని నల్లటి పిత్తం చెడి వచ్చే సర్వాంగ వ్యాధి అని గ్రీకుల కాలం నుంచీ నమ్ముతూ వచ్చారు. కాదు, అది ఒకచోట పుట్టి, లింఫ్ నాళాల వెంట పక్క గ్రంథులకు పాకి, ఆ తర్వాతే మిగతా ఒంటికి చేరుతుంది అన్నాడాయన. గ్రంథులకు చేరాక రోగి బతికే ఆశ తగ్గుతుందని కూడా గమనించాడు. ఒకచోట పుట్టేదైతే కోసి తీసేయవచ్చు కదా! సర్జరీకి ఆ రోజున దొరికిన హేతువు ఇది.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో దీనికి ఒక చిత్రం సమకూర్చాడు. చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న మనిషి చంకలోని గ్రంథిని సూక్ష్మదర్శినిలో చూస్తే, చర్మం మీది రంగు రేణువులు ఏళ్ళ తర్వాత కూడా అక్కడే చిక్కుకుని ఉన్నాయి. అంటే గ్రంథి జల్లెడ. రంగు రేణువును ఆపినట్టే క్యాన్సర్ కణాన్నీ ఆపుతుంది. ఆపలేనంత చేరినప్పుడు కట్ట తెగి ముందుకు పారుతుంది. ఈ ఊహ ఎంత చక్కగా ఉందంటే, తర్వాతి వందేళ్ళు దాన్ని ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు. గ్రంథి ప్రాణమున్న వస్తువన్న మాట అందులో మరుగున పడింది. జల్లెడకు నిండటం, నిండకపోవడం తప్ప వేరే పని ఏముంటుంది?

జల్లెడ నిండకముందే జల్లెడతో సహా తీసేయాలన్నది అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ పట్టుదల. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆయన రొమ్మును, దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులన్నిటినీ ఒకే ముద్దగా తీసేసేవాడు. 1894లో 50 మంది రోగుల లెక్క ప్రచురించాడు. యూరప్‌లో పేరున్న సర్జన్ల చేతుల్లో సగానికి పైగా రోగులకు కోసిన చోటే జబ్బు మళ్ళీ లేస్తున్న రోజుల్లో, హాల్‌స్టెడ్ దగ్గర అలా లేచింది ముగ్గురికి. ఆ అంకె ప్రపంచాన్ని ఒప్పించింది. దాదాపు ఎనభై ఏళ్ళ పాటు రొమ్ము క్యాన్సర్ అంటే ఆ కోతే. ఆ కోత మిగిల్చిన స్త్రీల సంగతి కూడా చెప్పుకోవాలి. ఛాతీ గుంటపడి, పక్కటెముకలు తేలి, గ్రంథులు లేని చేతిలో రసం నిలిచిపోయి, కొందరికి బోదకాలంత లావున చెయ్యి వాచేది. ప్రాణం దక్కిందన్న కృతజ్ఞతలో ఆ బాధను పైకి చెప్పుకున్నవాళ్ళు తక్కువ.

ఇదే కాలంలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో జార్జ్ క్రైల్ అనే సర్జన్ మెడ మీద ఇంతటి పనీ చేశాడు. నోరు, నాలుక, గొంతు క్యాన్సర్లకు మెడలోని గ్రంథుల గొలుసంతా ఒక పద్ధతి ప్రకారం తీసే శస్త్రచికిత్సను 132 ఆపరేషన్ల అనుభవంతో 1906లో వివరించాడు. మెడ చుట్టూ పట్టీలా ఉన్న ఈ గ్రంథుల వరస క్యాన్సర్‌కు అసాధారణమైన అడ్డుగోడ అనీ, ఆ గోడలో ప్రతి రాయీ సర్జన్ కత్తికి అందేదే అనీ ఆయన నమ్మకం. గోడ గట్టిది అంటూనే దాన్ని పడగొట్టడంలో ఉన్న చిక్కు ఆనాటి వాళ్ళకు కనపడలేదు. గోడలో శత్రువు దాగి ఉంటే గోడను కూల్చక తప్పదనుకున్నారు. ఈ క్రైల్ పేరు గుర్తుంచుకోవాలి. ఆయన కొడుకు మళ్ళీ కథలోకి వస్తాడు.

గ్రంథి ఏం చేస్తుందో తెలియాలంటే ముందు దాని నిండా కిక్కిరిసి ఉన్న లింఫోసైట్ అనే చిన్న గుండ్రటి కణం ఏమిటో తెలియాలి. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేవరకూ అది తెలియదంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జేమ్స్ మర్ఫీ 1910ల నుంచే ఎలుకల్లో కణితిని ఎదిరించేది ఈ కణమేనని ప్రయోగాలతో వాదించి, 1926లో ఆ పనంతా ఒక పుస్తకంగా తెచ్చాడు. వినేవాళ్ళు లేకపోయారు. లింఫోసైట్ కొన్ని గంటలు బతికి చచ్చే అనామక కణమని అందరి అభిప్రాయం. ఛాతీలోని పెద్ద లింఫ్ నాళం నుంచి రోజూ లెక్కలేనన్ని లింఫోసైట్లు రక్తంలోకి పడుతున్నా రక్తంలో వాటి సంఖ్య పెరగదు. అవన్నీ ఎటు పోతున్నట్టు?

ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ 1950ల చివర్లో ఈ ముడి విప్పాడు. ఎలుక ఛాతీ నాళానికి సన్నటి గొట్టం పెట్టి రోజుల తరబడి లింఫ్ బయటికి తీస్తే, వచ్చే లింఫోసైట్ల సంఖ్య పడిపోయింది. తీసిన వాటినే మళ్ళీ రక్తంలోకి ఎక్కిస్తే సంఖ్య నిలబడింది. అంటే అవి చావడం లేదు, తిరుగుతున్నాయి. రక్తం నుంచి గ్రంథిలోకి, గ్రంథి నుంచి లింఫ్‌లోకి, లింఫ్ నుంచి మళ్ళీ రక్తంలోకి. ఊరూరా సంతలు తిరిగే వర్తకుల్లా ఒక్కో గ్రంథిలో కొన్ని గంటలు ఆగి, అక్కడికి ఏ సరుకు వచ్చిందో చూసుకుని, తనకు కావలసింది లేకపోతే ముందుకు సాగిపోతాయి. కావలసింది దొరికితే అక్కడే ఆగి, వేల సంతానంగా పెరుగుతాయి. ముల్లు దిగిన రెండు రోజులకు గజ్జలో కట్టే బిళ్ళ ఈ పెరుగుదలే. ఇంట్లో పెద్దవాళ్ళు తడిమి చూసింది ఒక సంత కిక్కిరిసిన వైనాన్ని.

ఇదే దశకంలో, కణితి పక్కనున్న గ్రంథికి ప్రత్యేకమైన పని ఉందని మొదటిసారి గట్టిగా చూపించిన ప్రయోగం ఏవ్రియన్ మిచిసన్ అనే యువ బ్రిటిష్ శాస్త్రవేత్తది. ఈయన, మన దేశం వచ్చి స్థిరపడి భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్‌కు స్వయానా మేనల్లుడు. వేరే జాతి ఎలుక కణితిని ఒక ఎలుకలో నాటి, కొన్ని రోజులకు ఆ కణితి పక్కనున్న గ్రంథుల కణాలను తీసి ఇంకో ఎలుకకు ఎక్కించాడు. ఆ రెండో ఎలుక అదే కణితిని త్వరగా తోసిపుచ్చింది. మొదటి ఎలుక రక్తరసాన్ని ఎక్కిస్తే అలా జరగలేదు. కణితిని గుర్తుపట్టే శక్తి ఆ గ్రంథిలోని కణాల్లో ఉంది, దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి ఇవ్వవచ్చు. అయితే ఇది పరాయి కణితి. సొంత ఒంట్లో పుట్టిన క్యాన్సర్ విషయంలో ఇలాగే జరుగుతుందా అన్నది ఈ ప్రయోగం చెప్పదు.

సొంత క్యాన్సర్ మీద సాక్ష్యం రోగుల దగ్గరే దొరికింది. 1950ల్లో న్యూయార్క్ పాథాలజిస్ట్ మారిస్ బ్లాక్, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లలో తీసిన చంక గ్రంథులను ఓపికగా చూశాడు. అందరూ క్యాన్సర్ ఉన్న గ్రంథులను లెక్కపెడుతుంటే ఈయన క్యాన్సర్ లేని గ్రంథులను కూడా చదివాడు. కొన్నిటిలో కణాలు ఉద్ధృతంగా పెరిగి, గ్రంథి లోపలి సందులు కబళించే కణాలతో నిండి ఉన్నాయి. కొన్ని స్తబ్ధుగా ఉన్నాయి. ఉద్ధృతంగా ఉన్న గ్రంథుల తాలూకు రోగులు ఎక్కువ కాలం బతికారని ఆయన చెప్పాడు. అప్పటి పాథాలజిస్టుల్లో చాలామంది దీన్ని సందేహించారు; చూసే కన్నును బట్టి మారే కొలత అన్నారు. ఆ సందేహం న్యాయమైనదే. కానీ ‘జబ్బు లేదు’ అని పక్కన పెట్టేసే గాజుపలకను మళ్ళీ చేతిలోకి తీసుకుని చూసిన మనిషి మీద నాకు గౌరవం.

ఇక కొడుకు క్రైల్ సంగతి. జార్జ్ క్రైల్ జూనియర్ తండ్రి స్థాపించిన క్లీవ్‌లాండ్ క్లినిక్‌లోనే సర్జన్. తండ్రి గ్రంథుల గోడను కూల్చమన్నాడు, కొడుకు కూల్చవద్దన్నాడు. 1950ల మధ్య నుంచే హాల్‌స్టెడ్ కోతకు స్వస్తి చెప్పి చిన్న ఆపరేషన్లకు మళ్ళాడు. తోటి సర్జన్ల తిట్లు తిన్నాడు. 1960ల్లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి, కణితి చిన్నదిగా ఉన్నప్పుడే పక్క గ్రంథులను తీసేస్తేనో, రేడియేషన్‌తో మాడ్చేస్తేనో క్యాన్సర్ దూరప్రాంతాలకు ఇంకా ఎక్కువగా పాకిందని ప్రచురించాడు. క్యాన్సర్ సోకని గ్రంథి రోగికి రక్ష అనీ, దాన్ని తీసేయడమంటే సిపాయిల బారకాసును మనమే తగలబెట్టుకోవడమనీ ఆయన వాదనలోని సారం. ఈ వాదన జరుగుతున్న రోజుల్లోనే, 1963లో, ఆయన భార్య జేన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆయనకు ఇది ఊరికే సిద్ధాంతం కాదు.

తండ్రీకొడుకుల్లో ఎవరిది సరి? తేల్చింది పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్. 1960ల్లో తమ్ముడు ఎడ్విన్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో, క్యాన్సర్ కణాలు గ్రంథిలో ఆగకుండా దాటిపోతున్నాయని చూపించి విర్కో జల్లెడకు మొదటి చిల్లు పెట్టాడు. 1971లో మొదలైన పెద్ద పరీక్షలో 1,665 మంది స్త్రీలను చీట్లు తీసినట్టు వేర్వేరు చికిత్సలకు కేటాయించారు. చంకలో గడ్డలు తగలని వాళ్ళలో ఒక వర్గానికి హాల్‌స్టెడ్ కోత, ఒక వర్గానికి రొమ్ము తీసి చంకకు రేడియేషన్, మూడో వర్గానికి రొమ్ము మాత్రమే తీసి గ్రంథులను అలాగే వదిలేయడం. 25 ఏళ్ళ ఫలితాలు 2002లో వచ్చాయి. మూడు వర్గాల ఆయుర్దాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీంతో తండ్రి వాదం ఓడిపోయింది. కొడుకు వాదమూ పూర్తిగా గెలవలేదు. గ్రంథులు తీసినవాళ్ళు ముందు చనిపోవాలి కదా, అలా జరగలేదు. ఫిషర్ చెప్పినదేమంటే, కనిపించే నాటికే క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళి ఉంటుంది, గ్రంథి దాని గుర్తు మాత్రమే, దాని కాపలాదారు కాదు.

కానీ ఆ పరీక్షలో ఒక లెక్క నన్ను ఆపేస్తుంది. హాల్‌స్టెడ్ కోత చేసిన వర్గంలో, పైకి గడ్డ తగలకపోయినా, తీసి చూస్తే దాదాపు 40 శాతం మంది గ్రంథుల్లో క్యాన్సర్ ఉంది. చీట్లు తీసినట్టు కేటాయించారు కాబట్టి, గ్రంథులు వదిలేసిన వర్గంలోనూ సుమారు అంతమందికి ఉండి తీరాలి. కానీ వాళ్ళలో తర్వాత చంకలో గడ్డ లేచింది సుమారు 18 శాతం మందికే. మిగతావాళ్ళ చంకలోని ఆ క్యాన్సర్ ఏమైంది? కొందరికి రొమ్ముతో పాటు కొన్ని గ్రంథులు కూడా వచ్చేసి ఉంటాయి, కొందరు చంకలో లేచేలోపే వేరే కారణంతో పోయి ఉంటారు. అవన్నీ తీసేసినా, గ్రంథి లోపలే క్యాన్సర్ కణాలు కొన్ని అణగారిపోయి ఉంటాయన్న ఊహ నన్ను వదలదు. ఇది రుజువు కాదు, నా అనుమానం.

గుర్తు మాత్రమే అనుకుంటే గ్రంథులన్నీ తీయనక్కర్లేదు, గుర్తు చూసుకుంటే చాలు. కాలిఫోర్నియాలో సర్జన్ డొనాల్డ్ మోర్టన్, పాథాలజిస్ట్ అలిస్టర్ కాక్రాన్ బృందం 1992లో ప్రచురించిన పద్ధతి దీనికి దారి చూపింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ దగ్గర నీలిరంగు ఎక్కిస్తే, అది లింఫ్ నాళం వెంట పోయి మొట్టమొదటి గ్రంథిని నీలంగా మారుస్తుంది. అది కావలి గ్రంథి, డాక్టర్ల మాటలో సెంటినెల్ నోడ్. దాన్ని ఒక్కదాన్ని తీసి చూసి, శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. త్వరలోనే రొమ్ము క్యాన్సర్‌కూ ఇదే వచ్చింది. చేతులు వాచే స్త్రీల సంఖ్య దీనివల్ల ఎంతగానో తగ్గింది. 2011లో వచ్చిన 891 మంది స్త్రీల అధ్యయనంలో, ఒకటి రెండు కావలి గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నా, రొమ్ములో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే, మిగతా గ్రంథులు తీయనందువల్ల నష్టం లేదని తేలింది. 2017లో మెలనోమాకూ అలాంటి జవాబే వచ్చింది.

కావలి గ్రంథి సర్జన్ల పని తేలిక చేయడంతో ఆగలేదు. కణితికి అందరికంటే దగ్గరి గ్రంథి ఏదో కచ్చితంగా చూపించింది కనుక, దాన్నీ దాని వెనకున్న గ్రంథినీ పక్కపక్కన పెట్టి పోల్చే వీలు దొరికింది. కాక్రాన్ అంతకుముందు నుంచే గమనిస్తున్న వింత ఇక్కడ స్పష్టంగా బయటపడింది. కణితికి దగ్గరున్న గ్రంథి ఎక్కువ చురుగ్గా ఉండాలని మనం అనుకుంటాం. వాస్తవం తలకిందులు. కావలి గ్రంథే నీరసంగా ఉంది, దూరంగా ఉన్నవి బలంగా ఉన్నాయి. దానిలో డెండ్రైటిక్ కణాలు తక్కువ, ఉన్నవాటికి కొమ్మలు సరిగ్గా విచ్చుకోలేదు.

ఈ డెండ్రైటిక్ కణాలే వార్తాహరులు. 1973లో రాక్‌ఫెల్లర్‌లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ వీటిని వర్ణించారు. కొమ్మలు కొమ్మలుగా చేతులు చాచిన ఈ కణం కణితిలో చచ్చిన కణాల ముక్కలు ఏరుకుని, లింఫ్ నాళంలో పడి గ్రంథికి వచ్చి, అక్కడ తిరుగుతున్న టీ కణాలు అనే రకం లింఫోసైట్లకు చూపిస్తుంది. ఆ ముక్కకు సరిపోయే టీ కణం లక్షల్లో ఒకటి ఉంటే గొప్ప. అది తగిలేదాకా చూపిస్తూనే ఉంటుంది. తగిలాక ఆ టీ కణం కొద్ది రోజుల్లో వేలుగా పెరిగి, గ్రంథిని విడిచి, రక్తంలో ప్రయాణించి కణితికి చేరుతుంది. క్యాన్సర్‌పై దాడి జరిగేది కణితిలోనైనా, సైన్యం తయారయ్యేది గ్రంథిలో. స్టైన్‌మన్‌కు పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చినప్పుడు తన కణితి కణాలతోనే డెండ్రైటిక్ కణాల టీకాలు చేయించుకుని వేయించుకున్నాడు. 2011 సెప్టెంబర్ 30న కన్నుమూశాడు. మూడు రోజుల తర్వాత, ఆ సంగతి తెలియక, నోబెల్ కమిటీ ఆయన పేరు ప్రకటించింది. తెలిశాక కూడా బహుమతిని అలాగే ఉంచింది.

మరి పక్కనే ఉన్న గ్రంథి ఎందుకు నీరసిస్తుంది? న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూడో సంస్థలో రాబర్ట్ నార్త్ 1980ల్లోనే ఒక భాగం చెప్పాడు. ఎలుకలో కణితి పెరుగుతున్న మొదటి రోజుల్లో దాన్ని చంపగల టీ కణాలు పుడతాయి. కణితి ఇంకా పెరిగేకొద్దీ, ఆ దాడిని అణచే ఇంకో రకం టీ కణాలు పుట్టి, మొదటివాటిని చల్లారుస్తాయి. అంటే శత్రువును గ్రంథి గుర్తుపట్టక కాదు, గుర్తుపట్టి లేచాక కూర్చోబెడుతున్నారు. అణచే కణాల మాటనే కొట్టిపారేసిన కాలం ఒకటి మధ్యలో వచ్చింది. జపాన్‌కు చెందిన షిమోన్ సకగూచి 1995లో వాటికి గట్టి ఆనవాలు చూపించేదాకా ఆ మాట ఎత్తడానికే జంకేవారు. సకగూచితో పాటు మేరీ బ్రన్‌కోకు, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు 2025 నోబెల్ దక్కింది ఈ విషయం మీదే.

ఇంకో భాగం అమెరికాలోని జార్జియా రాష్ట్రం నుంచి వచ్చింది. తల్లికి సగం పరాయిదైన పిండాన్ని తల్లి ఒళ్ళు ఎందుకు తోసిపుచ్చదన్న ప్రశ్న మీద పనిచేస్తూ డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ 1998లో ఐడీఓ అనే ఎంజైమ్ పాత్రను చూపించారు. అది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని హరించి టీ కణాలను నిలువరిస్తుంది. 2004లో వాళ్ళ బృందమే, కణితి పక్కనున్న గ్రంథిలోని కొన్ని డెండ్రైటిక్ కణాలు ఇదే ఎంజైమ్‌ను తయారుచేస్తున్నాయని చూపింది. బిడ్డను కాపాడటానికి ఒళ్ళు దాచుకున్న జాలిని క్యాన్సర్ వాడుకుంటోంది. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఆ కాగితాన్ని పక్కన పెట్టలేకపోయాను. ఆ ఎంజైమ్‌ను ఆపే మందు మీద పెద్ద ఆశలు పెట్టుకున్నారు. 2018లో మెలనోమా రోగుల పెద్ద పరీక్షలో అది ఉపయోగపడలేదు.

క్యాన్సర్ గ్రంథిలో చేరితే దూరప్రాంతాలకు అక్కడి నుంచే వెళుతుందా అన్న పాత ప్రశ్న కూడా ఈ మధ్యే మళ్ళీ తెరుచుకుంది. 2017లో బోస్టన్ పరిశోధకులు పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణాల వంశవృక్షం గీస్తే, దాదాపు 65 శాతం మందిలో గ్రంథిలో ఉన్న క్యాన్సర్, కాలేయం వంటి దూరాంగాల్లో ఉన్న క్యాన్సర్ వేర్వేరు కొమ్మల సంతానం. మిగతా 35 శాతంలో రెండూ ఒక కొమ్మవే. మరుసటి ఏడు ఎలుకల మీద వచ్చిన రెండు అధ్యయనాలు, గ్రంథిలోని క్యాన్సర్ కణాలు అక్కడి రక్తనాళాల్లోకి చొరబడి ఊపిరితిత్తులకు చేరగలవని చూపించాయి. ఫిషర్ పూర్తిగా తప్పు కాదు, ల్ద్రాన్ పూర్తిగా తప్పు కాదు. 2022లో స్టాన్‌ఫర్డ్ బృందం ఇంకొంచెం ముందుకెళ్ళింది. ఎలుక గ్రంథుల్లో తరం తర్వాత తరం పెంచిన మెలనోమా కణాలు అక్కడి టీ కణాలను తమ పట్ల ఓర్పు వహించేలా మలిచాయి. ఆ ఓర్పు గ్రంథితో ఆగక ఒళ్ళంతా పాకి, దూరంగా క్యాన్సర్ పాతుకోవడానికి వీలు కల్పించింది. సైన్యాన్ని తయారుచేసే చోటే సైన్యానికి లొంగుబాటు నేర్పుతోందన్నమాట.

ఇదంతా ప్రయోగశాలల మాటగానే ఉండిపోయేదేమో, ఇమ్యునోథెరపీ రాకపోతే. టీ కణాలకు కళ్ళెం వేసే సీటీఎల్‌ఏ-4, పీడీ-1 అణువులను మందుతో అడ్డుకుంటే కొందరి క్యాన్సర్లు కరిగిపోయాయి. జేమ్స్ అల్లిసన్, తసుకు హోంజోలకు 2018 నోబెల్ వచ్చింది. ఈ మందులు అలసిపోయిన టీ కణాలను కణితిలోనే తిరిగి లేపుతాయని మొదట అనుకున్నారు. ఎలుకల్లో టీ కణాలు గ్రంథి నుంచి బయటికి రాకుండా ఆపినా, పక్క గ్రంథులను ముందే తీసేసినా మందు బలం తగ్గిపోవడం చూశాక అభిప్రాయం మారింది. అలసిపోని కొత్త కణాలు గ్రంథిలో నిలవ ఉంటున్నాయి, మందు లేపుతున్నది ఎక్కువగా వాటినే.

అలాగైతే ముందు గ్రంథులు తీసేసి, ఆ తర్వాత మందు ఇవ్వడం సరైన వరసేనా? అమెరికాలో 313 మంది మెలనోమా రోగులతో ఈ వరసనే పరీక్షించారు. రెండు వర్గాలకూ అదే మందు, పీడీ-1ను అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్, అన్ని డోసులూ అంతే. ఒక వర్గానికి ఆపరేషన్ అయ్యాకే మందు, ఇంకో వర్గానికి ఆపరేషన్‌కు ముందే కొన్ని డోసులు, మిగతావి తర్వాత. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం, రెండేళ్ళకు జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు మొదటి వర్గంలో 49 శాతం, రెండో వర్గంలో 72 శాతం. కణితీ గ్రంథీ రెండూ ఒంట్లో ఉండగా మందు పడటమే ఈ తేడాకు మూలమని చాలామంది భావిస్తున్నారు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్ళకు ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టి పీల్చే అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి విశాఖ వైద్యులు 1950ల్లోనే రాశారు. ఇప్పుడు గుట్కా, ఖైనీ వల్ల బుగ్గలో, నాలుక మీద వస్తోంది. గ్రంథులు మంచివట కదా, మెడ ఆపరేషన్ ఎందుకని వీళ్ళెవరూ అనుకోకూడదు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో అనిల్ డిక్రూజ్ బృందం 2015లో ప్రచురించిన పరీక్షలో, నోటి క్యాన్సర్ తొలి దశలో ఉండి మెడలో గడ్డలు తగలకపోయినా మొదటే మెడ గ్రంథులు తీసినవాళ్ళలో మూడేళ్ళకు 80 శాతం మంది బతికి ఉన్నారు. గడ్డ లేచాక చూద్దామని ఆగినవాళ్ళలో 67.5 శాతమే. రొమ్ముకు పనికొచ్చిన జవాబు నోటికి పనికిరాలేదు. రోగి ప్రాణం అడ్డుపెట్టి ఎలుకల ప్రయోగాల మీద పందెం కాసే హక్కు ఎవరికీ లేదు.

ఆ నోటి, మెడ క్యాన్సర్లలోనే, శాన్ ఫ్రాన్సిస్కోలో మాథ్యూ స్పిట్జర్ బృందం 2023లో ఒక పని ప్రచురించింది. కొందరు రోగులకు ఆపరేషన్‌కు ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చారు. ఆపరేషన్‌లో ఎప్పటిలాగే మెడ గ్రంథులు తీశారు. తీసినవాటిలో క్యాన్సర్ ఉన్నవి, లేనివి వేరుచేసి, ఒక్కొక్క కణాన్నీ చదివారు. క్యాన్సర్ లేని గ్రంథుల్లో టీ కణాలు మందుకు లేచి, కొత్త సంతానంగా విడిపోతూ ఉన్నాయి. ఆ మనుషుల రక్తంలోనూ వాటి జాడ కనిపించింది. క్యాన్సర్ చేరిన గ్రంథుల్లో ఆ స్పందన మందగించింది. అక్కడ డెండ్రైటిక్ కణాలు సరిగా లేవు, అణచే కణాలు వాటి పక్కనే మూగి ఉన్నాయి. మారిస్ బ్లాక్ గాజుపలక మీద చూసిన ఉద్ధృతికి ఇప్పుడు కణాల పేర్లు దొరికాయి. 1906లో పెద్ద క్రైల్ అడ్డుగోడ అంటూ వివరించిన మెడలోని గ్రంథులే ఇవీ. ఆపరేషన్ బల్ల మీద నుంచి ప్రయోగశాలకు చేరేదాకా, మంచులో పెట్టిన సీసాలో, ఆ శుభ్రమైన గ్రంథుల లోపలి టీ కణాలు ఇంకా బతికే ఉన్నాయి.